ఒకే గడువు ఉన్న నాలుగేళ్లు

2006 సెప్టెంబరులో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఓ మాట ఇచ్చింది. మరుసటి ఏటి నుంచి ముందు దరఖాస్తు, తర్వాత దరఖాస్తు అనే తేడా ఉండదని, అందరికీ జనవరి 1 ఒక్కటే గడువని. ఆ నిర్ణయం ప్రకటించిన డెరెక్ బాక్‌కు అప్పటికి డెబ్బై ఆరేళ్లు. ఇరవై ఏళ్లు హార్వర్డ్ అధ్యక్షుడిగా చేసి 1991లో దిగిపోయిన మనిషిని మళ్లీ పిలిచి తాత్కాలికంగా కుర్చీలో కూర్చోబెట్టారు. ఉండబోయేది ఒక్క ఏడాదే అని తెలిసీ ఇంత పనికి పూనుకున్నాడాయన.

వారం తిరక్కుండానే ప్రిన్స్‌టన్ తోడు వచ్చింది. ఆ వెంటనే వర్జీనియా విశ్వవిద్యాలయం. మిగతావాళ్లూ వస్తారని చాలామంది ఆశించారు.

అమెరికాలో హైస్కూలు చివరి ఏడాది చదివే పిల్లకు నవంబరు 1 లోపు తేల్చుకోవాల్సిన చిక్కు ఇది. ముందు దరఖాస్తుల్లో ఒక రకమైన ఎర్లీ డెసిషన్ కింద వేస్తే డిసెంబరు మధ్యకల్లా ఫలితం వస్తుంది, సీటు దొరికే అవకాశమూ ఎక్కువే. ఆ మొగ్గు ఎస్ఏటీ ప్రవేశ పరీక్షలో దాదాపు వంద మార్కులు కలిసొచ్చినంత అని ఏవరీ, ఫెయిర్‌బ్యాంక్స్, జెక్‌హౌసర్ అనే పరిశోధకులు 2003లో పుస్తకమే రాశారు. కానీ సీటిస్తే మిగతా దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకుని అక్కడే చేరాలి. జనవరి నాటి రెగ్యులర్ గడువుకు ఆగితే, ఎవరు ఎంత ఫీజు సాయం ఇస్తామన్నారో ఆ ఉత్తరాలన్నీ పక్కపక్కన పెట్టుకుని మే 1 దాకా ఆలోచించుకోవచ్చు. ఫీజు కోసం అప్పు చేయాల్సిన ఇంటికి ఆ వెసులుబాటే ఆధారం. హార్వర్డ్‌ది సీటిచ్చినా చేరి తీరాలనే కట్టుబాటు లేని ఎర్లీ యాక్షనే. అయినా బాక్ దాన్నీ వద్దన్నాడు. ఎందుకంటే ముందుగా వేయమని చెప్పే కౌన్సెలర్, చదువుకున్న తల్లిదండ్రులు ఉన్న పిల్లలే ముందు వేస్తారు. న్యూజెర్సీలో, టెక్సాస్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు చాలామంది ఆ అదృష్టవంతుల్లోనే ఉన్నారు. ముందుగా వేయాలన్న సంగతి చెప్పేవాళ్లు లేని ఊళ్ల పిల్లల కోసం ఆయన నిలబడ్డాడు.

మిగతా పెద్దవాళ్లెవరూ రాలేదు. యేల్ రాలేదు, స్టాన్‌ఫోర్డ్ రాలేదు. 2007 జూన్‌తో బాక్ గడువు తీరింది. ఒకే గడువు కింద తొలి దరఖాస్తులు చేరే నాటికి ఆయన అధ్యక్షుడు కాడు. ఆ పద్ధతి నాలుగేళ్లు నడిచింది. ఆ నాలుగేళ్లూ మంచి విద్యార్థులు కొందరు డిసెంబరులోనే వేరేచోట సీటు ఖాయం చేసుకుని వెళ్లిపోయారు.

2010 చివర వర్జీనియా వెనక్కి తగ్గింది. 2011 ఫిబ్రవరి 24న, ఒకే రోజున, హార్వర్డ్, ప్రిన్స్‌టన్ కూడా. బాగా చదివే పేద పిల్లలు సైతం ఎర్లీ ఉన్నచోటికే పోతున్నారని హార్వర్డ్ అప్పుడు చెప్పింది. అది అబద్ధం కాదు, నాకు దుఃఖం అందుకే. ఏ పిల్లల కోసం ఆ తేడా చెరిపేశారో, ఆ పిల్లల పేరు మీదే దాన్ని తిరిగి తేవాల్సి వచ్చింది. పది పన్నెండు పెద్ద విశ్వవిద్యాలయాలు ఆ రోజు కలిసి కదిలి ఉంటే ఆ పిల్లలు ఎక్కడికి పోయేవాళ్లు?

వర్జీనియా పతనం అక్కడితో ఆగలేదు. అది ప్రభుత్వ విశ్వవిద్యాలయం, 1819లో జెఫర్సన్ స్థాపించినది. 2010 చివరి ఆ నిర్ణయంతో 2011లో తెచ్చుకున్నది కట్టుబాటు లేని ఎర్లీ యాక్షనే కాబట్టి కొంత మేలనుకున్నాం. సరిగ్గా రెండు వందల ఏళ్లు నిండిన 2019లో ఎర్లీ డెసిషన్‌ను కూడా మళ్లీ పెట్టింది. 2006లో పేద ఇళ్ల పిల్లలకు అడ్డమని తీసేసింది దాన్నే.