ఆంగ్లమునందలి ధాతుజవిశేషణములు - చిత్రబోధనము

ఆంగ్లము నేర్చు తెలుఁగు బాలుఁడు "ఐ యామ్ బోరింగ్" అని పలుకఁగా నుపాధ్యాయుఁడు నవ్వుట పాఠశాలలయందు సామాన్యము. బాలుఁడు చెప్పఁదలఁచినది తనకు విసుగు కలిగిన దని. చెప్పినది తాను పరులకు విసుగు పుట్టించువాఁడ నని. ఇందుకు మూలము మందబుద్ధి గాదు, భాషాస్వభావభేదము. చిన్నయసూరి ధాతుజవిశేషణ మనిన "చదివిన" వంటి రూపము కర్తృకర్మభేదమును దెలుపదు. "చదివిన బాలుఁడు" అన్నచో విశేష్యము కర్త. "చదివిన గ్రంథము" అన్నచోఁ గర్మ. రూప మొక్కటియే. సంస్కృతమున శతృప్రత్యయము కర్తను, సకర్మకధాతువులపై క్తప్రత్యయము ప్రాయికముగాఁ గర్మను జెప్పును. ఆంగ్లమున "ఇంగ్", "ఎడ్" అనువాని వ్యవస్థయు నించుమించుగా నిట్టిదే. "ఫాలెన్ లీఫ్" అనుచో అకర్మకము గావునఁ గర్తయే యర్థమగుట సైతము "పతితపర్ణము"తో సరిపోవును.

ఇట్టివానిని బొమ్మలచే బోధించు నుపాయము క్రొత్తది గాదు. కొమేనియసు పండితుఁడు 1658లో న్యూరెంబర్గున "ఆర్బిస్ పిక్టస్" అను లాటిను-జర్మను బాలబోధను వెలువరించెను. మఱుసటి యేఁట ఛార్లెస్ హూలు దాని నాంగ్లీకరించెను. అందుఁ జిత్రమునందలి వస్తువునకును వాక్యమునందలి పదమునకును నొకే యంకె వేయఁబడినది. నామముల కిది చాలును. కాని సత్త్వము సిద్ధరూప మనియు, భావము పూర్వాపరక్రమము గల దనియు యాస్కుఁ డేనాఁడో చెప్పెను. కదలని బొమ్మయందుఁ గాఁగుచున్న నీటికిని గాఁగిన నీటికిని భేద మెట్లు చూపవచ్చును?

ఆ క్రమమును గంటికిఁ జూపినది చలచ్చిత్రము. 1895లో ఫ్రాన్సున లూమియేరు సోదరులు తీసిన చిత్రములలో నొకటి నిమిషమునకు లోఁబడినది. తోఁటమాలి గొట్టముతో నీరు చల్లుచుండఁగా నొక బాలుఁడు వెనుకనుండి గొట్టముఁ ద్రొక్కును. నీ రాఁగును. మాలి గొట్టపు మూతిలోనికిఁ దొంగిచూచును. బాలుఁడు కాలెత్తఁగానే నీరు వాని మొగముపైఁ జిమ్మును. తరువాత రూఢమైన దీని ఫ్రెంచి పేరునకుఁ "దడుపఁబడిన తడుపువాఁడు" అని యర్థము. వ్యాకరణపాఠముగా నెవరును దీనిని దీయలేదు. అయినను గర్తృకర్మవిపర్యయమున కింతకంటె మేలైన యుదాహరణము గ్రంథములలో దుర్లభము.

ఆంగ్లబోధనకుఁ జిత్రమును బుద్ధిపూర్వకముగా వినియోగించినవారిలో ఐ. ఏ. రిచర్డ్సు ముఖ్యుఁడు. ఆయన మిత్రుఁడు ఆగ్డెను 1930లోఁ బ్రకటించిన "బేసిక్ ఇంగ్లీషు"న 850 పదములే. క్రియలు పదునెనిమిది మాత్రమే. అయినను 300 నామములపై "ఇంగ్", "ఎడ్" చేర్చుకొన ననుమతి గలదు. "టయర్డ్", "బాయిలింగ్", "బ్రోకెన్" అనునవి పట్టికయందే యున్నవి. క్రియలఁ ద్రోసివేసిన భాషకును ధాతుజవిశేషణములు తప్పకపోవుట గమనింపఁదగినది. రిచర్డ్సు 1942లో వాల్టు డిస్నీ చిత్రశాలకుఁ బోయి సరళచిత్రరచనను నేర్చెను. 1945లోఁ గ్రిస్టీను గిబ్సనుతోఁ గూడి ప్రకటించిన పుస్తకమున గీఁతల మనుష్యుఁ డొక పనిని జేయఁబోవుట, చేయుచుండుట, చేసియుండుట వరుసగాఁ గనఁబడును.

మనోవికారముల విషయ మింత సులభము గాదు. గారడి చూపువాఁడు "అమేజింగ్", చూచి నోరు తెఱచిన పిల్లవాఁడు "అమేజ్డ్"; ఇరువురు నొకే పటమున నుండవలయును. తెలుఁగున దీనికి సాటి ప్రేరణరూపము: విసిగించు కథ, విసిగిన శ్రోత. ఈ సామ్యమును ముందు చెప్పక చిత్రమును మాత్రమే చూపినచో, బాలుఁడు నోరు తెఱచినవానినే "అమేజింగ్" అనును. ఏలన, ఆశ్చర్యము కంటికిఁ గనఁబడునది వాని మొగముననే.