గుండెల మీద దెయ్యం, కాగితం మీద గీతలు

2010లో 'ఇన్సెప్షన్' వచ్చినప్పుడు నేను అమీర్‌పేటలో, సత్యం థియేటర్ వెనక సందులో ఒక మెన్స్ హాస్టల్లో ఉండేవాణ్ణి. ఇంజనీరింగ్ అయిపోయింది, ఉద్యోగం రాలేదు. గదికి ముగ్గురం. పొద్దున ఆరున్నరకి మైత్రీవనం దగ్గర జావా క్లాసు, మధ్యాహ్నం ఆదిత్య ఎన్‌క్లేవ్‌లో ఒరాకిల్ క్లాసు, రాత్రి ఒంటిగంట దాకా జిరాక్స్ నోట్సు. సినిమా చూసొచ్చాక, కలలో ఉండగానే 'ఇది కల' అని తెలిసిపోవడం అనేది నిజంగానే ఉందనీ, దాన్ని లూసిడ్ డ్రీమింగ్ అంటారనీ నెట్ సెంటర్లో చదివాను. తెల్లవారుజామున నాలుగింటికి అలారం పెట్టుకుని లేచి, కాసేపు కూర్చుని, మళ్ళీ వెల్లకిలా పడుకుని కదలకుండా ఉండాలట. చేతిలో పైసా లేనివాడికి ఇంతకంటే చవకైన విహారయాత్ర ఏముంటుంది? మొదలుపెట్టాను.

నాలుగో రోజో ఐదో రోజో మెలకువ వచ్చింది. ఫ్యాన్ తిరుగుతోంది. పక్క మంచం మీద గురక వినిపిస్తోంది. చెయ్యి మాత్రం లేవదు, నోరు పెగలదు. తలుపు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. కాసేపటికి ఆ మనిషి తలుపు దగ్గర లేడు, గుండెల మీద బరువు ఉంది. అరుద్దామనుకున్నాను. అరుపు రాలేదు.

పొద్దున చెబితే కరీంనగర్ రూమ్మేట్ తేల్చేశాడు. "పంజాగుట్ట శ్మశానం గింత దగ్గరుండె. ఆడికెళ్ళే వస్తది రా." గుంటూరు రూమ్మేట్‌ది ఇంకో లెక్క. "దెయ్యమూ లేదు గియ్యమూ లేదు. నిద్రలేక బుర్ర చెడింది. నిమ్స్‌కి పోయి చూపించుకో." రెండూ నడిచిపోయే దూరంలోనే ఉన్నాయి. నేను శ్మశానం వైపూ పోలేదు, ఆసుపత్రి వైపూ పోలేదు. నిద్రంటేనే భయం పట్టుకుని, మూడు వారాలు లైటు వేసుకుని పడుకున్నాను. మిగతా ఇద్దరి తిట్లు అదనం.

తరవాత చదువుకుంటూ పోతే అర్థమైంది ఏంటంటే, ఈ భయానికి మనుషులు శతాబ్దాలుగా చెప్పుకున్న జవాబులు మా రూమ్మేట్లు చెప్పినవే. ఒకటి దెయ్యం, రెండోది జబ్బు.

దెయ్యం సంగతి ముందు. ఇంగ్లీషులో పీడకలకి వాడే 'నైట్‌మేర్' అన్న మాటలో 'మేర్' ఆడగుర్రం కాదు. నిద్రపోయేవాళ్ళ గుండెల మీద కూర్చుని నొక్కే పిశాచం. 1781లో హెన్రీ ఫ్యూజెలీ గీసిన బొమ్మలో, వెల్లకిలా పడి ఉన్న అమ్మాయి ఛాతీ మీద ఒక మరుగుజ్జు భూతం గొంతుక్కూర్చుని ఉంటుంది. జపాన్‌లో దీని పేరు కనషిబరి, కట్టిపడేయడం అని. కెనడాలోని న్యూఫౌండ్లాండ్ జాలరులకి ఇది ముసలి మంత్రగత్తె. 1982లో డేవిడ్ హఫర్డ్ అనే జానపద పరిశోధకుడు ఈ న్యూఫౌండ్లాండ్ కథల మీద ఒక పుస్తకమే రాశాడు. ఆ కథలేవీ ముందు వినని అమెరికన్ విద్యార్థులు కూడా అచ్చం అదే అనుభవం చెప్పడం ఆయన్ని ఆశ్చర్యపరిచింది. అంటే కథ విని భయపడటం కాదు. అనుభవం ముందు, కథ తరవాత.

జబ్బు సంగతికొస్తే, 1876లో అమెరికన్ వైద్యుడు సైలస్ వైర్ మిచెల్ దీన్ని రాత్రిపూట పక్షవాతంగా వర్ణించాడు. 1928లో లండన్ నరాల వైద్యుడు కిన్నియర్ విల్సన్ 'స్లీప్ పెరాలసిస్' అన్న పేరు వాడాడు. పేరైతే దొరికింది. కానీ 'నీకు దెయ్యం పట్టింది' అన్నా, 'నీకు పక్షవాతం వచ్చింది' అన్నా, తెల్లవారుజామున కదలలేక పడున్నవాడికి పెద్ద తేడా ఏముంది? రెండిట్లోనూ అతను ఒంటరే.

మరి మన దగ్గర? కల అంటే మన కవులకి ఇంత భయం ఉన్నట్టు కనిపించదు. 13వ శతాబ్దంలో తిక్కన భారతం మొదలుపెడుతూ, కలలో తండ్రి కొమ్మన కనిపించాడనీ, ఆ వెంట హరిహరనాథుడు ప్రత్యక్షమయ్యాడనీ చెప్పుకున్నాడు. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకి పోతూ విజయవాడలో ఆగి, కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం వెళ్ళి, ఏకాదశి ఉపవాసం ఉన్న రాత్రి నాలుగో జాములో ఆంధ్రవిష్ణువుని కలగన్నాడు. తెలుగులో కావ్యం రాయమని దేవుడు చెప్పింది ఆ కలలోనే. 'ఆముక్తమాల్యద' అలా పుట్టింది.

నాలుగో జాము అన్న మాట దగ్గర ఆగాలి. తెల్లవారుజాము కల నిజమవుతుందని మన ఇళ్ళల్లో ఇప్పటికీ అంటారు. నిజమవడం సంగతి పక్కన పెడితే, ఆ వేళకి ఒక శరీరధర్మం ఉంది. కలలు ఎక్కువగా వచ్చే నిద్రదశ రాత్రి మొదట్లో కొద్ది నిమిషాలే ఉంటుంది, తెల్లవారే కొద్దీ సాగుతుంది. మెలకువకి దగ్గర కాబట్టి ఆ కలలు గుర్తుంటాయి కూడా. రాయల కల వచ్చిన జామూ, నేను అలారం పెట్టుకున్న గంటా ఒకటే. ఆయనకి దేవుడొచ్చాడు, నాకు తలుపు దగ్గర మనిషొచ్చాడు.

కలలోనే ఇది కల అని తెలియడం గురించి కూడా మన ఆలోచన పాతదే. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు జనకుడితో, కలలో రథాలూ దారులూ నిజంగా ఉండవనీ, కలగనేవాడే వాటిని సృష్టించుకుంటాడనీ, అక్కడ వెలుగు కూడా అతనిదేననీ అంటాడు. 11వ శతాబ్దపు నారోపా పేరుతో టిబెట్‌కి చేరిన సాధనల్లో స్వప్నయోగం ఒకటి. కలలో మంట కనిపిస్తే పారిపోవద్దు, కలలో మంట కాల్చదని గుర్తు తెచ్చుకుని అందులో అడుగు పెట్టు అంటుంది ఆ బోధ. భయాన్ని అణచమని కాదు. భయపెట్టే వస్తువు దేనితో తయారైందో చూడమని.

ఇదే పని 19వ శతాబ్దపు పారిస్‌లో ఒక ప్రభువు తనంతట తాను చేశాడు. హెర్వే ద సాన్-దెనీ చైనా భాషా పండితుడు. పదమూడో ఏటి నుంచి కలలు రాసుకునేవాడు. 1867లో తన పేరు లేకుండా వేసిన పుస్తకంలో, పదే పదే వచ్చిన ఒక పీడకల గురించి చెప్పాడు. రాక్షసులు తరుముతుంటారు, గది తరవాత గది, తలుపు తరవాత తలుపు. ఒకసారి కలలోనే అది కల అని గుర్తుపట్టి, గోడకి వీపు ఆనించి నిలబడి, తరిమేవాటిలో ఒకదాన్ని తేరిపార చూశాడు. చూస్తుండగానే అది పలచబడి మాయమైంది.

'లూసిడ్ డ్రీమ్' అన్న పేరు 1913లో ఫ్రెడెరిక్ వాన్ ఈడెన్ వ్యాసంతో స్థిరపడింది. ఈయన డచ్ రచయిత, మనోవైద్యుడు, టాగూర్ గీతాంజలిని డచ్‌లోకి తెచ్చినవాడు. 1898 నుంచి 1912 దాకా తనకొచ్చిన అలాంటి కలలు 352 రాసుకున్నాడు. ఆయన దాచుకోకుండా చెప్పింది ఒకటుంది. ఆ కలల చుట్టుపక్కలే భూతాల కలలూ ఉంటాయి, మేలుకున్నామని భ్రమపడి ఇంకా కలలోనే ఉండే దొంగ మెలకువలూ ఉంటాయి. ఇంటర్నెట్‌లో నాకెవరూ చెప్పని ముక్క ఇది. ఎగరడం గురించే చెప్పారు, ఆ పొరుగింట్లో ఎవరున్నారో చెప్పలేదు.

ఇక శాస్త్రం. 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే దశని కనిపెట్టారు. ర్యాపిడ్ ఐ మూవ్‌మెంట్, పొట్టిగా రెమ్. 1959లో ఫ్రాన్స్‌లో మిషెల్ జూవే పిల్లుల మీద ప్రయోగాలు చేసి, ఆ దశలో మెదడు కాండం ఒంటి కండరాలని సడలగొట్టేస్తుందని చూపించాడు. కలలో పరిగెత్తేటప్పుడు మంచం మీద నుంచి నిజంగా పరిగెత్తకుండా ఉండేందుకు ఒంటికి వేసే గడియ అది. స్లీప్ పెరాలసిస్ అంటే మనిషికి మెలకువ వచ్చినా ఆ గడియ ఇంకా తియ్యకపోవడం. కల పూర్తిగా ఆగలేదు కాబట్టి తలుపు దగ్గర మనిషి కనిపిస్తాడు.

గడియ రెండు చోట్ల మాత్రం పడదు. ఒకటి ఊపిరి ఆడించే డయాఫ్రమ్, రెండోది కళ్ళు. ఊపిరి ఆగిపోతున్నట్టు అనిపిస్తుంది, ఆగదు.

ఇంగ్లండ్‌లో కీత్ హర్న్ అనే పరిశోధక విద్యార్థి పట్టుకున్నది ఈ రెండో మినహాయింపునే. కలలో ఉన్నవాడు చెయ్యి ఊపి చెప్పలేడు, కానీ కళ్ళు తిప్పగలడు కదా? 1975 ఏప్రిల్ 12 ఉదయం, హల్ యూనివర్సిటీ ప్రయోగశాలలో ఆలన్ వర్స్‌లీ నిద్రపోతున్నాడు. కల అని తెలియగానే, ముందు అనుకున్నట్టే, కళ్ళని ఎడమకీ కుడికీ ఎనిమిదిసార్లు తిప్పాడు. యంత్రం కాగితం మీద గీతలు పడ్డాయి. కల లోపలి నుంచి బయటికి వచ్చిన మొదటి కబురు అది. ఈ సంగతి తెలియకుండానే అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లబెర్జ్ అదే పద్ధతికి వచ్చి, 1981లో ప్రచురించాడు. 2021లో నాలుగు దేశాల ప్రయోగశాలలు ఇంకో మెట్టెక్కాయి. 36 మందిని నిద్రలోనే ప్రశ్నలడిగారు. ఎనిమిదిలోంచి ఆరు తీసేస్తే ఎంత అని అడిగితే, ఒకతను కల లోపలి నుంచి కళ్ళతో రెండు అని చెప్పాడు. సరైన జవాబులు వచ్చింది వందకి పద్దెనిమిది ప్రయత్నాల్లోనే. అయినా వచ్చాయి.

లబెర్జ్ పుస్తకం నాకు ఆబిడ్స్‌లో, ఆదివారం పాతపుస్తకాల ఫుట్‌పాత్ మీద దొరికింది. కళ్ళ సంగతి చదివిన రాత్రి కరీంనగర్ వాడికి చెప్పాను. "నా కండ్లు తెరిచుండి, అటూ ఇటూ గట్టిగా కొట్టుకుంటుంటే, కాలి బొటనవేలు పట్టుకుని గుంజు." వాడు నవ్వాడు. రెండు వారాలకి మళ్ళీ వచ్చింది, అదే బరువు, అదే మనిషి. ఈసారి అరవడానికి ప్రయత్నించలేదు. కళ్ళు ఎడమకి, కుడికి, ఎడమకి, కుడికి. పొద్దున చదువుకోవడానికి లేచిన వాడు చూశాడు. వేలు గుంజాడు. గడియ ఊడింది. "నీ కండ్లు గోడ గడియారం లెక్క ఊగుతున్నయ్ రా, దెయ్యం నాకే పట్టేటట్టుంది" అన్నాడు.

నేను కలని జయించలేదు. రాక్షసుణ్ణి తేరిపార చూసే ధైర్యం సాన్-దెనీకి ఉంది, నాకు రావడానికి ఇంకో ఏడాది పట్టింది. భయం సగం ఆ పొద్దునే పోయింది, ఎందుకంటే లోపలి నుంచి బయటికి ఒక కబురు పోతుందని తెలిసింది. లూసిడ్ డ్రీమింగ్ గురించి రాసేవాళ్ళంతా అదుపు గురించే రాస్తారు. భయపడ్డవాడికి ముందు కావలసింది అదుపు కాదనుకుంటాను. తను పూర్తిగా బందీ కాదని తెలియడం.

ఆ గదిలో నేనొక్కణ్ణే అలాంటివాణ్ణి కాదని కూడా ఇప్పుడు తెలుసు. 35 అధ్యయనాలని కలిపి చూసిన 2011 నాటి సమీక్ష ప్రకారం, స్లీప్ పెరాలసిస్ జీవితంలో ఒక్కసారైనా వచ్చినవాళ్ళు మామూలు జనంలో వందకి ఎనిమిది మంది లోపు. విద్యార్థుల్లో మాత్రం ఇరవై ఎనిమిది మంది. అరకొర నిద్ర, వేళకాని నిద్ర, వెల్లకిలా పడుకోవడం దాన్ని పిలుస్తాయి. ఈ మూడూ కలిపి అమీర్‌పేట హాస్టళ్ళకి పెట్టింది పేరు. అందుకే ఎవరైనా అడిగితే చెబుతాను. నిద్ర కోసుకుని చేసే సాధన వద్దు. నెలల తరబడి పదేపదే వస్తున్నా, పగటిపూట ఆపుకోలేని నిద్ర వస్తున్నా, మెలకువలోనే నిజం ఏదో కల ఏదో తేడా తెలియకపోతున్నా, గుంటూరు వాడి సలహానే సరైనది. డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

కల అవునో కాదో తేల్చుకునే ఒక సులువైన పరీక్ష ఉంది. ఏదైనా బోర్డు చదివి, తల తిప్పి, మళ్ళీ చదవాలి. కలలో అక్షరాలు సాధారణంగా రెండోసారికి మారిపోతాయి. దీనికి అమీర్‌పేటని మించిన చోటు లేదు, గోడకి నలభై బోర్డులు. మొన్న మెట్రో దిగి పాత అలవాటు కొద్దీ సత్యం థియేటర్ వైపు చూశాను. సత్యం లేదు. అక్కడ ఏఏఏ సినిమాస్ అని ఉంది. తల తిప్పి మళ్ళీ చూశాను. ఏఏఏ సినిమాస్ అనే ఉంది. మెలకువగానే ఉన్నాను.