పంపుకు బలమే తెలుసు, తూకం తెలియదు

ఇంగ్లండులో యుటాక్సెటరు అనే ఊళ్లో 1945లో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డు చిన్న గ్యారేజిలో ట్రయిలర్లు చేయడం మొదలుపెట్టాడు. 1949లో ఫోర్డ్‌సన్ మేజరు ట్రాక్టరుకు ముందు తగిలించే లోడరు తెచ్చాడు. పారతో ఎత్తే పెంటను నూనె ఒత్తిడితో ఎత్తే సాధనమది.

అయితే ట్రాక్టరు పుట్టింది లాగడానికి గదా! అందుకే దాని బరువులో ఎక్కువ పాలు వెనుక చక్రాలదే. ముందు బరువెత్తితే ముందు ఇరుసు కావడి మోసే భుజమవుతుంది. లెక్క చూడండి. ఇరుసుల మధ్య 2 మీటర్లు, ముందు ఇరుసుకు మీటరున్నర అవతల 500 కిలోల బరువు ఉందనుకోండి. వెనుక చక్రాల మీద 375 కిలోలు తగ్గుతాయి. ముందు ఇరుసు మీద 875 పెరుగుతాయి. చాలా ట్రాక్టర్లకు బ్రేకులుండేది వెనుక చక్రాలకే. అవి తేలికైతే బ్రేకూ పట్టదు.

ట్రాక్టర్లు బోల్తాపడి మనుషులు చనిపోతున్నందునే స్వీడన్ 1959లో కొత్త ట్రాక్టర్లకు రక్షణ చట్రం తప్పనిసరి చేసింది.

కాబట్టి పంపు ఎత్తింది గదా అని మురిసిపోకండి. తయారీదారు చెప్పిన హద్దు దాటవద్దు. వెనుక బరువు కట్టండి. ముందు జానెడే ఎత్తి ఆగండి. వెనుక చక్రాలు తేలిపోతే వెంటనే దించండి. నడిపేటప్పుడు బకెట్టు నేలకు దగ్గరగానే ఉండాలి. గట్టువాలున పైకెత్తితే బండి పక్కకు దొర్లుతుంది.

రెండు తడవలు తిరిగితే పోయేది కాస్త డీజిలే.