సైనిక వాహనముల పైకప్పు: రేకా, గుడ్డా?

సికింద్రాబాదు దండు నుండి ఉత్తరమునకు రెండు పెద్ద బాటలు గలవు. ఒకటి బొల్లారము మీదుగా మేడ్చల్ చేరి నాగపూరు వైపు పోవునది. రెండవది హకీంపేట విమాన స్థావరము ప్రక్కగా శామీర్‌పేట చెరువు దాటి కరీంనగరము వైపు పోవునది. మోటారు బండి రాకముందు తెలంగాణపు బాటలపై సవారి కచ్చురములు నడిచెడివి. వెదురు బద్దలను విల్లువలె వంచి, పైన చాప కప్పి, ముందు వెనుకలు తెరచి ఉంచిన ఆ గూడు ఎండవానలకు పల్లె వడ్రంగి కనుగొన్న ఉపాయము. తరువాత ఈ బాటలనెక్కిన సైనిక లారీ వెనుక భాగమును చూచినచో అదే గూడు కనిపించును. వెదురుకు బదులు ఇనుప కమ్మీలు, చాపకు బదులు కాన్వాసు, అంతే భేదము.

ఐతే లారీకి డ్రైవరు కూర్చుండు గది కూడ ఉన్నది. దానికి రేకు కప్పు వేయవలెనా, గుడ్డ కప్పు చాలునా అను ప్రశ్న రెండవ ప్రపంచ యుద్ధకాలమున కర్మాగారములను, సైన్యములను గట్టిగా ఆలోచింపజేసినది. గుడ్డ పాతకాలపుదనియు, రేకు అభివృద్ధికి గుర్తనియు సామాన్యముగా తలచెదరు. జరిగిన కథ దీనికి తలక్రిందులు.

1932 జూనులో నిజాం ప్రభుత్వ రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో పని ప్రారంభించెను. స్కాట్లండులో తయారైన ఆ ఆల్బియన్ బస్సులకు గట్టి కప్పు ఉండెను. బస్సుకు అది తప్పదు. వాన మొదలైనపుడు టిక్కెట్టు కొన్న ప్రయాణికుడు దిగి తాళ్లు బిగింపడు గదా! సైనికుని సంగతి వేరు. 1941 అక్టోబరులో భారత సైన్యపు 19వ డివిజను సికింద్రాబాదులోనే ఏర్పడెను. 1945 మార్చిలో బర్మాలోని మాండలే నగరమును పట్టుకొన్నది ఈ సేనయే. దక్కను ఎండలో పుట్టి బర్మా వానలో పోరాడిన ఇట్టి సేనకు ఏ కప్పు తగును?

ముందుగా ఎండ సంగతి చూతము. మేడ్చల్ సుమారు 17.6 డిగ్రీల ఉత్తర అక్షాంశముపై ఉన్నది. కనుక మే రెండవ వారమునను, మరల ఆగస్టు మొదటి వారమునను మధ్యాహ్న సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. ఆగస్టులో మబ్బులు కొంత కాపాడును. మేలో ఆ ఆశ లేదు. నిర్మలమైన మధ్యాహ్నమున ఒక చదరపు మీటరుపై పడు సూర్యశక్తి సుమారు 1000 వాట్లు. డ్రైవరు గది కప్పు 2 చదరపు మీటర్లు ఉన్నదనుకొన్నచో దానిపై 2000 వాట్లు పడును. అనగా రెండు ఇస్త్రీపెట్టెలు పుచ్చుకొను శక్తి. సైనిక వాహనమునకు వేయు మెరుపులేని ముదురాకుపచ్చ రంగు అందులో చాల భాగమును పీల్చుకొనును. రేకు పలుచన గనుక పై వేడి క్షణములో అడుగు భాగమునకు చేరును. ఆ అడుగు భాగము డ్రైవరు తలపై ఉష్ణ వికిరణము కురిపించును.

ఇచట ఒక పొరపాటును సరిదిద్దవలెను. ముదురు రంగు కాన్వాసు కూడ రేకువలెనే వేడిని పీల్చును. ఈ విషయమున రంగు ప్రధానము, పదార్థము కాదు. గుడ్డ కప్పు మేలు మరొక చోట ఉన్నది. దానిని చుట్టి వెనుకకు కట్టవచ్చును, ప్రక్క తెరలు విప్పవచ్చును, బండి కదలగానే గాలి అడ్డులేక వీచును. రేకు గదిలో గాలి నిలిచిపోవును. రేకుపై నాలుగంగుళముల ఎత్తున మరొక కప్పు వేసి, నడుమ గాలి పారనిచ్చినచో ఆ దోషము చాలవరకు తీరును. రెండు పొరల గుడారములలోని సూత్రము ఇదియే. కాని యుద్ధమున రెండవ కప్పుకు ఇనుమెక్కడిది?

అమెరికాలో జి.ఎం.సి. సంస్థ తయారుచేసిన రెండున్నర టన్నుల లారీ కథ ఇందుకు మంచి నిదర్శనము. 1941 నుండి 1945 వరకు ఇవి 5,60,000కు పైగా తయారైనవి. మొదట వీటికి మామూలు లారీలవలె మూసిన రేకు గది ఉండెను. యుద్ధము సగము దాటిన తరువాత కర్మాగారము దానిని విడిచి, కాన్వాసు కప్పుగల తెరచిన గదికి మారినది. ఉక్కు ఆదా అగుట ఒక కారణము. కప్పు దించి, ముందు అద్దము తీసివేసినచో బండి ఎత్తు తగ్గి, ఓడలో తక్కువ చోటు పట్టుట మరొకటి. సముద్రము దాటవలసిన బండికి ప్రతి అంగుళమునకు లెక్క ఉండును. తెరచిన గదిపై ఇనుప వలయమమర్చి విమానములను కాల్చు మరతుపాకి నిలుపుటకును వీలు కలిగినది. డ్రైవరుకు ఆకాశము కనబడును, విమానపు రొద వినబడును, ప్రమాదము వచ్చినపుడు త్వరగా దుమికి పారిపోవచ్చును.

కెనడాలో ఫోర్డు, షెవర్లే కర్మాగారములు ఒకే సైనిక నమూనాపై తయారుచేసిన లారీలు నాలుగు లక్షలకు మించినవి. వీటి 13వ నమూనా గదికి రేకు కప్పు. దానినే గుడ్డ కప్పుకు మార్చిన రూపము 43వ నమూనా. 13వ నమూనా అద్దము పైభాగము ముందుకు వాలియుండును. సూర్యకాంతి పైకి పరావర్తనము చెందక, విమానమునుండి చూచువానికి తళుకు కనబడకుండుటకే ఈ ఏర్పాటు. కెనడా నుండి వచ్చిన ఫోర్డు చట్రములపైననే జంషెడ్‌పూరులో కవచపు బండ్లు నిర్మించిరి. నాలుగు వేలకు పైగా తయారైన ఆ "టాటానగర్" బండ్లలో మొదటివాటికి కప్పే లేదు!

కాన్వాసును పొగడుట చాలును. దాని కష్టములను కూడ చెప్పవలెను. నూలు కాన్వాసు తడిసినపుడు పోగులు ఉబ్బి సందులు మూసుకొనును. అందుచేతనే నేసిన గుడ్డ వానను ఆపగలుగుచున్నది. కాని లోపలినుండి వ్రేలు తగిలినచో అచట నీటి పొర తెగి, చుక్కలు కారుట మొదలగును. గుడారములో పడుకొన్న స్కౌటు బాలురందరికి ఇది తెలిసినదే. తడిగుడ్డను మడిచి పెట్టినచో నాలుగు రోజులలో బూజు పట్టును. దీనిని అరికట్టుటకు మైనము, రాగి లవణములు పట్టించెడివారు. ఎండలోని అతినీలలోహిత కిరణములు నూలును క్రమముగా కుళ్లజేయును. అన్నిటికంటె పెద్ద దోషము వేరొకటి: బండి బోర్లపడినచో గుడ్డ ఎవరిని కాపాడదు. ఈ విషయమున రేకు కప్పు మేలనుటకు సందేహము లేదు. ఐనను పలుచని రేకుపై అతిగా నమ్మకముంచరాదు.

యుద్ధము ముగిసిన పిమ్మట మిగిలిన వాహనములు వేలములలో పౌరుల చేతికి వచ్చినవి. కొన్నవారు సైన్యపు గదిని విప్పి కొయ్య గదులు కట్టించుకొనిరి, జీపులకు రేకు కప్పులు వేయించిరి. బ్రతుకుతెరువు కొరకు చేసిన ఆ మార్పును తప్పుపట్టలేము. నేడు అట్టి పాత బండిని ముచ్చటకు బాగుచేయువాని స్థితి వేరు. చల్లని గాలి యంత్రము పెట్టుకొనుటకు గుడ్డ కప్పు తీసి రేకు బిగించినచో, ఆ బండి ఏ అవసరములో పుట్టినదో చెప్పు సాక్ష్యము చెరిగిపోవును. ఉక్కు కరవు, ఓడలో ఇరుకు, ఆకాశమునుండి భయము అన్నియు ఆ కప్పులో వ్రాసియున్నవి. 2021లో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమములు కూడ 50 సంవత్సరములు దాటిన సొంత వాహనము మూలరూపములో ఉన్నపుడే దానిని ప్రాచీన వాహనముగా నమోదు చేయవలెనని చెప్పుచున్నవి.

ఏది మూలరూపమో తెలిసికొనుటకు బండినే అడుగవలెను. తెరచిన గదియైనచో అద్దపు చట్రము పై అంచున కాన్వాసును బిగించు కొక్కెములు లేక గాడి ఉండును. గది వెనుక మూలలలో కమ్మీలు దిగు గొట్టములు ఉండును. పలుమార్లు రంగు వేయుటచే ఇవి పూడిపోవును. రంగును మెల్లగా గీకి చూచినచో, తరువాత తొలిచిన రంధ్రములకు, కర్మాగారములో తొలిచినవాటికి భేదము తెలియును: మొదటివాటి లోపలి అంచున పాత రంగు ఉండదు.