పరిచారికలలో ఐకమత్యం: కైజర్స్‌వెర్త్, స్కుటారి అనుభవాల చారిత్రక పరిశీలన

ఆసుపత్రిలో నర్సులు కలిసి పనిచేయకపోతే ఆ లోపాన్ని మనము సాధారణంగా వారి స్వభావాలలోనే వెదకుతాము. ప్రేమ చల్లారిందని, సమర్పణ కొరవడిందని ప్రసంగిస్తాము. సంఘ చరిత్ర ఈ నిర్ధారణను బలపరచదని మా అభిప్రాయం. సమర్పణలో ఒకరికొకరు తీసిపోని స్త్రీలు ఒకచోట ఏకమనస్సుతో పనిచేశారు, మరొకచోట చీలిపోయారు. తేడా అంతా వారు పనిచేసిన గృహపు కట్టుబాట్లలోను, అధికారం ఎవరి చేతిలో ఏ విధంగా ఉంచబడినది అన్న విషయంలోను కనబడుతుంది.

రోమా పత్రిక 16వ అధ్యాయంలో ఫీబేను గూర్చి పౌలు వాడిన మాటను మన తెలుగు బైబిలు 'పరిచారకురాలు' అని అనువదించింది. ఆ పరిచర్యను ప్రొటెస్టెంట్ సంఘంలో పునరుద్ధరించాలని పాస్టర్ థియోడర్ ఫ్లీడ్నర్, ఆయన భార్య ఫ్రీడెరికె ఆశించారు. రైన్ నది ఒడ్డున, నాటి ప్రష్యా రాజ్యంలోని కైజర్స్‌వెర్త్‌లో వారు 1836లో ఒక ఆసుపత్రిని, డీకనెస్సుల మాతృగృహాన్ని ప్రారంభించారు. ఒక వైద్యుని కుమార్తె అయిన గెర్ట్రూడ్ రైఖార్ట్ అక్కడ మొదటి డీకనెస్. ఆ రోజుల్లో జీతానికి రోగులను కనిపెట్టుకొనేవారికి మంచి పేరు లేదు. పరువుగల కుటుంబాలు తమ ఆడపిల్లలను ఆ పనికి పంపేవి కావు. కాబట్టి ఫ్లీడ్నర్ దంపతులు వార్డుల కంటె ముందు ఒక ఇంటిని సిద్ధపరచవలసి వచ్చింది. సహోదరీలందరికీ ఒకే దుస్తులు, ఒకే బల్ల, ఒకే ప్రార్థనా సమయం. జీతం లేదు, భోజనం, వస్త్రాలు, కొద్దిపాటి చేతిఖర్చు మాత్రం ఇచ్చేవారు. జబ్బుపడినా వృద్ధాప్యం వచ్చినా మాతృగృహమే పోషించేది.

డీకనెస్ మూడు విధాలుగా పరిచారకురాలని ఫ్లీడ్నర్ బోధించారు: ప్రభువైన యేసుకు, యేసు నిమిత్తం రోగులకు, తరువాత ఒకరికొకరు. ఈ మూడవ మాటను మన వేదాంత గ్రంథాలు తొందరగా దాటిపోతాయి. అయితే వార్డులో దీని ఫలితం చాలా పెద్దది. తోటి సహోదరికి చేయి అందించడం ఆమె మంచితనానికి విడిచిపెట్టబడలేదు. అది పిలుపులోనే ఒక భాగమైంది. నాయకత్వం కూడా కుటుంబ పద్ధతిలోనే నడిచింది. పాస్టరు తండ్రి, ఆయన భార్య తల్లి. ఫ్రీడెరికె 1842లో మరణించగా, మరుసటి సంవత్సరం ఫ్లీడ్నర్ వివాహమాడిన కరొలీన్ బెర్తో ఆ తల్లి స్థానాన్ని స్వీకరించారు. 1864లో ఫ్లీడ్నర్ మరణించేనాటికి సుమారు 30 మాతృగృహాలు, 1,600 మంది డీకనెస్సులు ఉన్నారు.

అయినా ఈ పద్ధతిని పొగిడి ఊరుకోలేము. 1851లో సుమారు మూడు నెలలు అక్కడ తర్ఫీదు పొందిన ఫ్లోరెన్స్ నైటింగేల్, వృద్ధాప్యంలో ఆ రోజులను తలచుకొని రెండు సంగతులు చెప్పారు. అంతటి నిర్మలమైన భక్తిని తాను మరెక్కడా చూడలేదు. నర్సింగు మాత్రం అక్కడ లేనే లేదు, పరిశుభ్రత ఘోరంగా ఉండేది. ఒకరినొకరు ప్రేమించే ఇల్లు రోగికి క్షేమకరమైన వార్డు కావడానికి మరికొంత అవసరమైనదన్నమాట.

క్రిమియా యుద్ధకాలంలో ఆమెకు ఎదురైన సమస్య దీనికి పూర్తిగా వేరు. 1854 నవంబరులో ఆమెతో స్కుటారికి చేరిన 38 మందిలో 10 మంది కతోలిక సన్యాసినులు, 14 మంది ఆంగ్లికన్ సహోదరీలు, 14 మంది జీతపు నర్సులు. వీరికి ఒకే గృహం లేదు, ఒకే విశ్వాసాచారం లేదు. అయితే బెర్మాండ్సీ మఠం నుండి వచ్చిన మెర్సీ సహోదరీల విషయంలో బిషప్ థామస్ గ్రాంట్ బయలుదేరక ముందే ఒక ఒప్పందం చేశారు: నర్సింగు పనిలో వారు నైటింగేల్‌కు, మఠ విషయాలలో తమ మదర్‌కు లోబడాలి. మదర్ క్లేర్ మూర్ ఆమెకు కుడిభుజంగా నిలిచారు. 1874లో ఆ మదర్ మరణించేవరకు వారి స్నేహం సాగింది.

డిసెంబరులో మేరీ స్టాన్లీ నడిపించిన రెండవ బృందం, సుమారు 46 మంది, నైటింగేల్ కోరకుండానే వచ్చింది. అందులో మదర్ ఫ్రాన్సిస్ బ్రిడ్జ్‌మన్‌తో కూడ 15 మంది ఐర్లాండు మెర్సీ సహోదరీలు ఉన్నారు. తన సహోదరీలు తనకు తప్ప ఇతరులకు లోబడరని బ్రిడ్జ్‌మన్ నిలబడ్డారు. నైటింగేల్ నియామకపత్రంలో టర్కీ అని ఉన్నదే గాని క్రిమియా ప్రసక్తి లేదు; ఆమెతో పొసగని వైద్యాధికారి జాన్ హాల్‌కు ఇది చక్కగా కలిసివచ్చింది. 1855లో ఆయన బ్రిడ్జ్‌మన్ బృందాన్ని బాలక్లావాకు పిలిపించుకొన్నారు. 1856 మార్చిలో వెలువడిన సైనిక ఉత్తర్వు నైటింగేల్ అధికారాన్ని అన్నిచోట్ల స్థిరపరచగా, బ్రిడ్జ్‌మన్ తన సహోదరీలతో స్వదేశానికి తిరిగివెళ్ళారు.

మూర్, బ్రిడ్జ్‌మన్ ఒకే మెర్సీ సమాజానికి చెందినవారు, ఒకే విధమైన ప్రమాణాలు చేసినవారు. బ్రిడ్జ్‌మన్‌ను గర్వి అని తోసివేయడం న్యాయం కాదు. ఆమె తన ప్రమాణానికి నమ్మకంగానే ఉన్నారు. ఒకరి విషయంలో అధికారపు హద్దులు ముందే గీయబడ్డాయి, మరొకరి విషయంలో గీయబడలేదు.

ఈ అనుభవం తరువాత, 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ప్రారంభమైన శిక్షణాలయంలో అధికారమంతా మేట్రన్ శ్రీమతి వార్డ్రోపర్ చేతికి ఇవ్వబడింది. ఆమె ప్రతి విద్యార్థినిని గూర్చి నెలనెలా ఒక నివేదిక నింపేవారు. సమయపాలన, నిశ్శబ్దం, నమ్మకత్వం, శుభ్రత వంటివి దానిలో శీర్షికలు. ఇవన్నీ పైనుండి చూసేవారికి కనబడే సుగుణాలే. ఫ్లీడ్నర్ చెప్పిన మూడవ మాట ఇక్కడ మరుగున పడినట్లు మాకు తోస్తున్నది.

తెలుగు ప్రాంతపు లూథరన్ సంఘానికి ఈ చరిత్ర దూరమైనది కాదు. ఫ్లీడ్నర్ స్వయంగా నలుగురు డీకనెస్సులను 1849లో పిట్స్‌బర్గ్‌కు తీసుకొనిపోయి లూథరన్ పాస్టర్ విలియం పాసవంట్ ఆసుపత్రిలో ఉంచారు. అదే అమెరికా లూథరన్ సంఘాల నుండి డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు, 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. ఆమె పేరు మన సంఘాలు ఎరుగును. ఆ వార్డులలో రాత్రి పనిని ఎవరు పంచిపెట్టేవారు, ఒకే బల్ల మీద ఎవరెవరు భోజనం చేసేవారు, ఇద్దరు నర్సుల మధ్య తగవు వస్తే ఎవరి యొద్దకు వెళ్ళేది? మిషన్ ఆసుపత్రుల చరిత్ర వ్రాయబూనే మన విద్యార్థులు కమిటీ మినిట్స్ పుస్తకాలను ఈ ప్రశ్నలతో తెరవాలని కోరుతున్నాము.