ఇంజిన్ స్టార్టు, డ్యాష్‌బోర్డు హెచ్చరిక దీపాలు

కారు ఇంజిన్‌ను స్టార్టు చేసే పద్ధతులు, డ్యాష్‌బోర్డు మీద వెలిగే హెచ్చరిక దీపాలు వేర్వేరు విషయాల్లా కనిపిస్తాయి గానీ, వాటి చరిత్ర ఒక్కటే. బండిని స్టార్టు చేయడం సులువైన కొద్దీ డ్రైవరు ఇంజిన్‌కు దూరమయ్యాడు. ఆ దూరం వల్ల అతనికి తెలియకుండా పోయిన సంగతులు చెప్పడానికి దీపాలు ఒకటొకటిగా వచ్చి చేరాయి. ఈ వరస అర్థమైతే ఏ దీపం ఎందుకు ఉందో, తాళం తిప్పాక వచ్చే రెండు మూడు సెకన్లు ఎందుకు విలువైనవో తెలుస్తుంది. సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరు పక్కనున్న చిట్కుల్ లాంటి ఊళ్లకు ఈ తెలివిడి అవసరం ఎక్కువ. చుట్టూ పారిశ్రామికవాడలు, దగ్గర్లోనే 65వ నంబరు జాతీయ రహదారి, ముత్తంగి దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఉన్నాయి. షిఫ్టు మారే వేళ కార్లు, కంపెనీ బస్సులు, డీసీఎం లారీలు, ట్యాంకర్లు ఒకే దారి పడతాయి. అక్కడ ఒక బండి నడిరోడ్డు మీద మొరాయిస్తే నష్టం ఆ బండి యజమానితో పోదు.

హ్యాండిల్ కాలం

పెట్రోలు ఇంజిన్ తనంతట తాను మొదలుకాలేదు. బయటి నుంచి ఎవరైనా తిప్పితేనే గాలీ పెట్రోలూ సిలిండరులోకి వెళ్లి, ఒత్తిడికి గురై, స్పార్కు తగిలి మండుతాయి. తొలి కార్లలో ముందు నుంచి ఇనప హ్యాండిల్ దూర్చి మనిషే ఆ పని చేసేవాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం ఆర్డరు ఇచ్చిన పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఇప్పుడు హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. అది ఆ కాలపు బండే. ఆ కంపెనీ తన కార్లకు ఎలక్ట్రిక్ స్టార్టరు పెట్టడం 1919లో గానీ మొదలుకాలేదు. ఎంత ఖరీదైన కారైనా అప్పట్లో ఒకరి రెక్కల బలం మీదే కదిలేది. స్పార్కు ఎప్పుడు పడాలో కూడా డ్రైవరే ఒక లివరుతో సవరించేవాడు. అది ముందుగా పడితే పిస్టన్ పైకి చేరకముందే మంట రేగి ఇంజిన్ వెనక్కి తన్నేది, హ్యాండిల్ పట్టిన చెయ్యి విరిగేది. అందుకని స్పార్కు ఆలస్యంగా పడేలా లివరు జరపడం, గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూడడం, హ్యాండ్ బ్రేకు వేయడం, బొటనవేలిని మిగతా వేళ్ల పక్కనే ఉంచి హ్యాండిల్‌ను కిందినుంచి పైకి లాగడం నియమాలయ్యాయి. సురక్షితంగా స్టార్టు చేయడానికి మనుషులు రాసుకున్న తొలి పాఠం ఇదే. ఈ కష్టంలో ఒక లాభమూ ఉండేది. హ్యాండిల్ బిగుసుకుంటే, మరీ వదులుగా తిరిగితే, లోపల ఏదో రాపిడి వినిపిస్తే, బండి ఎక్కకముందే చేతికీ చెవికీ తెలిసిపోయేది. ప్రతి స్టార్టూ ఒక తనిఖీయే.

సెల్ఫ్ రాక

అమెరికాలో క్యాడిలాక్ అధినేత హెన్రీ లీలాండ్ కోరిక మీద చార్లెస్ కెటరింగ్ 1911లో పనికొచ్చే ఎలక్ట్రిక్ స్టార్టరును, అంటే మనం సెల్ఫ్ అనేదాన్ని, తయారుచేశాడు. 1912 మోడల్ క్యాడిలాక్‌లు దానితోనే వచ్చాయి. అంతకుముందు దుకాణాల్లో వాడే క్యాష్ రిజిస్టర్లకు మోటారు అమర్చిన అనుభవం అతనికి పనికొచ్చింది. ఇంజిన్‌ను తిప్పేంత మోటారు కారులో పట్టదని అందరూ అనుకుంటుంటే, ఆ మోటారు రోజంతా తిరగనక్కర్లేదని, కొద్ది క్షణాలు శక్తికి మించి పనిచేస్తే చాలని అతను గ్రహించాడు. ఇప్పటి స్టార్టర్లకూ ఆధారం ఆ ఆలోచనే. సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టకూడదన్న నియమం పుట్టింది కూడా ఇక్కడే. చిన్న కారు స్టార్టరు కూడా వంద ఆంపియర్లకు పైగా కరెంటు లాగుతుంది. అలా పది సెకన్లు దాటితే వైండింగ్ వేడెక్కుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. స్టార్టు కాకపోతే అర నిమిషమైనా ఆగి మళ్లీ ప్రయత్నించాలి. రెండు మూడుసార్లకూ కాకపోతే కారణం వెతకాలి.

ఫోర్డు మోడల్ టీకి ఎలక్ట్రిక్ స్టార్టరు 1919లో వచ్చింది. అప్పటికి విడివిడిగా ఉన్న ఇగ్నిషన్ తాళాన్నీ స్టార్టరు మీటనూ క్రైస్లర్ 1949లో ఒక్క తాళంలో కలిపింది. మన దేశంలో లారీలకూ పాత కార్లకూ హ్యాండిల్ చాలాకాలం తోడుగానే ఉంది. బ్యాటరీ దిగిన రోజున దాన్ని తిప్పడం క్లీనరు వంతు. తర్వాత నమ్మకమైన బ్యాటరీలు వచ్చి హ్యాండిల్‌ను అవతలికి నెట్టేశాయి. 1985లో తిరుపతి దగ్గర మొదలైన అమరరాజా సంస్థ 2000లో అమరాన్ పేరుతో కార్ల బ్యాటరీలు తెచ్చింది. మనిషి బానెట్ ముందు నిలబడే అవసరం అలా తీరిపోయింది. ఇంజిన్ సంగతి చేతితో తెలుసుకునే అవకాశమూ దానితోపాటే పోయింది.

దీపాల పుట్టుక

ఆ లోటును మొదట మీటర్లు తీర్చాయి. 1912లో అమెరికాలో వచ్చిన బాయిస్ మోటోమీటరు రేడియేటరు మూత మీదే ఉండే థర్మామీటరు. డ్రైవరు సీట్లోంచి అద్దం గుండా దాన్ని చూసేవాడు. తర్వాత ఆయిల్ ప్రెషర్‌కూ, బ్యాటరీ చార్జింగుకూ ముళ్లున్న మీటర్లు డ్యాష్‌బోర్డు మీదికి చేరాయి. 1930ల దశకంలో హడ్సన్ కంపెనీ ఆ రెండు మీటర్ల స్థానంలో ఎర్ర దీపాలు పెట్టింది. బండి గురించి ఏమీ తెలియనివాళ్లకే ఇవి అని నిపుణులు వెక్కిరించారు. వాళ్ల వాదనలో న్యాయం లేకపోలేదు. ముల్లు మెల్లగా దిగుతుంటే రాబోయే ముప్పు ముందే తెలుస్తుంది. దీపం అలా కాదు, హద్దు దాటాకే వెలుగుతుంది. చాలా కార్లలో ఆయిల్ ప్రెషర్ అర బార్ లోపుకు పడిపోతే గానీ ఎర్ర దీపం రాదు. అప్పటికే బేరింగుల మధ్య నూనె పొర చెదిరిపోతుంటుంది. అయినా దీపాలే గెలిచాయి. ముల్లును పదేపదే చూసి అర్థం చేసుకోవాలి, దీపం రోడ్డు మీద ఉన్న చూపును తానే పిలుస్తుంది. ట్రాఫిక్ పెరిగిన రోడ్లలో ఆ తేడాయే నిర్ణయించింది.

తెలంగాణలో మార్పు

నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖ 1932 జూన్‌లో 27 బస్సులతో మొదలైంది. ఇప్పటి ఆర్టీసీలకు మూలం అదే. అలాంటి సంస్థలో బండి గురించిన జ్ఞానం డ్రైవరు ఒక్కడి నెత్తిన ఉండదు, డిపోలో మెకానిక్కులు ఉంటారు. 1980ల దశకంలో పరిస్థితి మారింది. జపాన్ సాంకేతికతతో డీసీఎం టయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి, ఆల్విన్ నిస్సాన్ అనే తేలికపాటి లారీలు వచ్చాయి. వీటిలో ఆల్విన్ నిస్సాన్ ఈ జిల్లాలోని జహీరాబాద్‌లోనే తయారయ్యేది. 1989లో మహీంద్రా ఆ సంస్థను తీసుకుంది. డీసీఎం కంపెనీ వాహనాలు ఎప్పుడో ఆగిపోయినా, ఈ ప్రాంతంలో ఆ పరిమాణపు లారీ ఏ కంపెనీదైనా ఇప్పటికీ డీసీఎమ్మే. ఇలాంటి బండ్లను చాలాచోట్ల యజమానే నడుపుకుంటాడు, పక్కన క్లీనరు ఉండడు, వెనక డిపో ఉండదు. ఇదివరకు ముగ్గురి మధ్య పంచిపెట్టి ఉన్న తెలివి ఒక్కడి కళ్ల ముందున్న దీపాల వరసలోకి కుదించుకుపోయింది.

ఆ దీపాలు అక్షరాలతో కాక బొమ్మలతో ఉండడం ఈ ప్రాంతానికి మేలు చేసింది. నూనె డబ్బా, బ్యాటరీ, థర్మామీటరు, వృత్తంలో ఆశ్చర్యార్థకం వంటి గుర్తులను అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 2575 ఖరారు చేసింది. పటాన్‌చెరు ఫ్యాక్టరీల గేట్ల దగ్గర ఆగే లారీల డ్రైవర్లు అనేక రాష్ట్రాలవాళ్లు. పైగా రవాణా వాహనం నడపడానికి ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధనను కేంద్రం 2019లో ఎత్తేసింది. చదువుతో, భాషతో పనిలేని హెచ్చరిక ఇలాంటి చోట సౌకర్యం స్థాయి దాటి భద్రత కిందికి వస్తుంది.

కంప్యూటర్ కాలం

2010 ఏప్రిల్‌లో హైదరాబాదు సహా 13 నగరాల్లో బీఎస్ 4 కాలుష్య ప్రమాణాలు అమలయ్యాయి. 2017లో దేశమంతటికీ విస్తరించాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 వచ్చింది. వీటితోపాటు ఇంజిన్ తన లోపాన్ని తానే గుర్తించి నమోదు చేసుకునే ఓబీడీ వ్యవస్థ తప్పనిసరైంది. దాని బయటి ముఖమే ఇంజిన్ బొమ్మతో ఉన్న పసుపు దీపం. పొగ కాలుష్యాన్ని పట్టడానికే ఇది పుట్టింది కాబట్టి, ఇది వెలిగినా బండి మామూలుగానే పరుగెత్తవచ్చు. చాలామంది దీన్ని పట్టించుకోకపోవడానికి కారణం అదే. నిలకడగా వెలిగితే త్వరలో స్కానింగ్ చేయించాలి. మిణుకుమిణుకుమంటే మాత్రం సిలిండర్లలో పెట్రోలు సరిగా మండడం లేదని, మండని ఇంధనం క్యాటలిటిక్ కన్వర్టరును కాల్చేస్తుందని అర్థం. అప్పుడు వేగం తగ్గించి బండిని పక్కకు తీయాలి. బీఎస్ 6 డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టరు దీపం మరొకటి. చిట్కుల్ నుంచి పారిశ్రామికవాడకు, అక్కడినుంచి ఇంటికి ఆగుతూ సాగుతూ తిరిగే బండిలో ఎగ్జాస్టు తగినంత వేడెక్కక మసి పేరుకుంటుంది. ఆ దీపం వెలిగినప్పుడు హైవే మీద కాసేపు నిలకడైన వేగంతో నడిపితే మసి కాలిపోతుంది. 2019 జులై నుంచి కొత్త కార్లకు డ్రైవరు ఎయిర్‌బ్యాగు, సీటు బెల్టు గుర్తుచేసే హెచ్చరిక, 80 కిలోమీటర్ల వేగం దాటితే మోగే శబ్దం కూడా తప్పనిసరయ్యాయి.

స్టార్టు చేసే క్రమం

రంగుల సూత్రం స్థూలంగా ఇది: ఎరుపు అయితే ఆగాలి, పసుపు అయితే త్వరగా చూపించాలి, ఆకుపచ్చ, నీలం అయితే ఏదో ఒక పరికరం పనిచేస్తోంది. సీట్లో కూర్చోకముందే టైర్లు, బండి కింద నూనె మరకలు చూడాలి. కూర్చున్నాక హ్యాండ్ బ్రేకు వేసి, గేరును న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ తొక్కి, తాళాన్ని ఆన్ వరకే తిప్పి ఆగాలి. బటన్ కార్లలో చాలావాటికి బ్రేకు, క్లచ్ తొక్కకుండా రెండుసార్లు నొక్కితే ఈ స్థితి వస్తుంది. అప్పుడు దీపాలన్నీ ఒక్కసారి వెలగాలి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు దీపాలు కొద్ది సెకన్లలో ఆరిపోతాయి. నూనె డబ్బా, బ్యాటరీ గుర్తులు నిలుస్తాయి, ఎందుకంటే పంపూ ఆల్టర్నేటరూ ఇంకా తిరగడం లేదు. డీజిల్ బండిలో స్ప్రింగు గుర్తు ఆరేదాకా ఆగితే గ్లో ప్లగ్ వేడెక్కుతుంది. ఆ తర్వాతే స్టార్టు చేయాలి. ఇంజిన్ అందుకున్న క్షణంలో నూనె, బ్యాటరీ దీపాలు పోవాలి. నూనె దీపం నిలిస్తే వెంటనే ఇంజిన్ ఆపాలి, లేదంటే సీజ్ అవుతుంది. నడుపుతుండగా బ్యాటరీ దీపం వెలిగితే బెల్టు తెగి ఉండవచ్చు; ఎన్నో కార్లలో వాటర్ పంపును తిప్పేది ఆ బెల్టే కాబట్టి, వేసవిలో ఇంజిన్ వేడెక్కడానికి ఎంతోసేపు పట్టదు. హ్యాండ్ బ్రేకు దించినా బ్రేకు గుర్తు ఎర్రగానే ఉంటే బ్రేకు ఆయిల్ తగ్గి ఉంటుంది, బండి కదిలించకూడదు.

ఆక్షేపణలు

ఈ తనిఖీ దండగ అనేవాళ్లు మూడు మాటలు చెబుతారు. మొదటిది, సెన్సర్లు అబద్ధం చెబుతాయని. నిజమే, వదులైన ఒక కనెక్టరు చాలు ఎయిర్‌బ్యాగు దీపం వెలగడానికి. అయితే అబద్ధపు హెచ్చరికకు అయ్యేది స్కానింగ్ ఖర్చు, నిజమైనదాన్ని వదిలేస్తే పోయేది ఇంజిన్ లేదా ప్రాణం. పైగా సెకండ్ హ్యాండ్ కార్లలో లోపం దాచడానికి దీపాన్నే పనిచేయకుండా చేసే మోసం ఉంది. అది పట్టుబడేది ఆన్‌లో దీపం అసలు వెలగనప్పుడే. వెలగాల్సినప్పుడు వెలగని దీపం, ఆరాల్సినప్పుడు ఆరని దీపమంత ప్రమాదకరం. రెండోది, బ్యాటరీ తీగ తీసి పెడితే పసుపు దీపం పోతుంది కదా అని. పోయేది కంప్యూటరులోని నమోదు మాత్రమే. లోపం ఉన్నచోటే ఉంటుంది, మెకానిక్కుకు దొరకాల్సిన ఆధారం చెరిగిపోతుంది. మూడోది, కంప్యూటరే అన్నీ చూసుకుంటుంటే డ్రైవరు చూడాల్సింది ఏముంటుందని. దీనికి 2020 అక్టోబరులో హైదరాబాదును ముంచిన వరదలే సమాధానం. మునిగిన కారు సిలిండర్లలోకి నీరు చేరితే సెల్ఫ్ కొట్టగానే పిస్టన్ ఆ నీటిని నొక్కి కుదించలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. సిలిండర్‌లో నీరుందని చెప్పే దీపం మామూలు కార్లలో లేదు. మూసిన షెడ్డులో ఇంజిన్ నడిపితే పోగయ్యే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడును పసిగట్టే దీపమూ లేదు. దీపాల వరసకు అందని ముప్పులను కనిపెట్టే బాధ్యత ఇంకా మనిషిదే.

ఇకముందు

విద్యుత్ వాహనాలతో ఈ చరిత్ర మరో మలుపు తిరిగింది. తిప్పాల్సిన ఇంజిన్ లేదు, స్టార్టరు లేదు, శబ్దం లేదు. బండి సిద్ధమైందని చెప్పేది ఒక ఆకుపచ్చ గుర్తే. అది గమనించకుండా యాక్సిలరేటరు తాకితే నిశ్శబ్దంగా ఉన్న బండి ముందుకు దూకవచ్చు. హ్యాండిల్ కాలంలో చేతికీ చెవికీ అందిన సమాచారం ఇక్కడ దాదాపుగా కంటికే పరిమితమైంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని డ్రైవింగ్ స్కూళ్ల పాఠ్యాంశాలు బండి ఎక్కకముందు, సీట్లో కూర్చున్నాక చేయాల్సిన తనిఖీలను గేర్లు మార్చడం కన్నా ముందే పెట్టాయి. వందేళ్ల చరిత్ర ఆ వరసనే సమర్థిస్తోంది: స్టార్టు చేయడం ఎంత తేలికైతే, స్టార్టు చేయకముందు ఆగి దీపాలు చదవడం అంత అవసరమవుతుంది. అందుచేత నేర్చుకునేవాళ్లకు మొదటిరోజు స్టీరింగు అప్పగించే ముందు దీపాల వరస చదివించడమే సరైన మొదలు.