పూజలో తొలి పత్రి.. పోల్చుకోవడమే కష్టం

సుల్తానాబాద్: వినాయక చవితి నాడు స్వామికి సమర్పించే 21 పత్రులలో మొదటిది మాచిపత్రి. సుముఖ నామంతో అర్పించే ఈ ఆకు పేరు తెలియని ఇల్లు ఉండదు. ఆకును చూసి పోల్చగలిగే వారు మాత్రం తక్కువే. సుల్తానాబాద్ ప్రాంతంలో పొలం గట్లపైన, కాల్వల వెంట, రోడ్ల పక్కన విరివిగా పెరిగే వయ్యారిభామ ఆకులు దాదాపు ఇదే తీరున చీలికలుగా ఉండటం పొరపాటుకు తావిస్తోంది. మాచి మందు మొక్క కాగా, వయ్యారిభామ చర్మానికి దద్దుర్లను, కొందరికి ఉబ్బసాన్ని తెచ్చే కలుపు. రెండూ చామంతి కుటుంబానికి చెందినవే కావడం విశేషం.

తేడా తెలుసుకోవడం కష్టమేమీ కాదు. మాచిపత్రి ఆకు పైభాగం పచ్చగా, అడుగుభాగం బూడిద రంగు నూగుతో తెల్లగా ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే ఘాటైన పరిమళం వస్తుంది. వయ్యారిభామ ఆకు రెండు వైపులా పచ్చగానే ఉంటుంది, ఆ పరిమళమూ ఉండదు. కొమ్మల చివర చిన్న చిన్న తెల్లని పూలు గుత్తులుగా కనిపిస్తే అది వయ్యారిభామే. దానిని వట్టి చేతులతో తెంపరాదు.

పూలమాలల్లో మరువంతో కలిపి కట్టే దవనం కూడా మాచికి దగ్గరి చుట్టమే. చైత్రమాసంలో దేవుళ్లకు దవనం అర్పించే ఆచారం ఉంది. దీని తైలాన్ని సుగంధ ద్రవ్యాల తయారీలో వాడతారు. ఇదే జాతికి చెందిన మరో మొక్క కశ్మీర్ కొండల్లో పెరుగుతుంది. యునానీ వైద్యులు అఫ్సంతీన్ అని పిలిచే ఈ మహా చేదు మొక్కను కడుపులో నులిపురుగులకు, కాలేయ రుగ్మతలకు వాడుతూ వచ్చారు. మోతాదు మించితే మూర్ఛలు వచ్చే ప్రమాదం ఉంది. గర్భిణులు ఈ జాతి మొక్కలను మందుగా లోనికి తీసుకోరాదు.

ఎండిన మాచి ఆకులతో దోమలకు పొగ వేయడం, బట్టల మధ్య ఉంచి పురుగు పట్టకుండా చూసుకోవడం పాత అలవాట్లు. దోమకాటుతోనే మలేరియా వ్యాపిస్తుందనడానికి కీలక ఆధారాన్ని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లోనే కనుగొన్నారు. ఆ జ్వరానికి నేడు ప్రధానమైన మందు కూడా మాచి జాతి నుంచే రావడం గమనార్హం. చైనా శాస్త్రవేత్త తు యూయూ బృందం 1972లో ఆ జాతి మొక్క నుంచి ఆర్టిమిసినిన్‌ను వేరుచేసింది. వేడి చేస్తే గుణం పోతోందని, తక్కువ ఉష్ణోగ్రత వద్ద సారం తీయాలని ఆమెకు తోచింది ఓ ప్రాచీన చైనా వైద్యగ్రంథం చదివాకే. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది.

అయితే మందు వచ్చింది చైనా మొక్క నుంచి, పూజకు వాడే మాచి నుంచి కాదు. ఆ చైనా మొక్క ఆకులనైనా కషాయం కాచి తాగడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సమర్థించడం లేదు. కషాయంలో మందు ఎంత ఉందో తెలియదు, చాలకపోతే క్రిములు మందుకు లొంగకుండా పోతాయి. చలి జ్వరం వస్తే ఆరోగ్య కేంద్రంలో రక్త పరీక్ష చేయించుకుని, ఇచ్చిన మాత్రలను పూర్తిగా వాడాలి.